క్రిస్మస్ దగ్గరపడుతుంటే సంతోషమా, బరువా? మీకెలా ఉంటోంది?

చిలకలూరిపేట_అబ్బాయి:
అందరికీ వందనాలు. ఈ మాట ఇంట్లో అంటే భక్తి తగ్గిందంటారు, చర్చిలో అంటే ప్రార్థన చేసుకోమంటారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మేముండేది హైదరాబాద్‌లో, సొంతూరు పల్నాడు వైపు. డిసెంబర్ మొదలైందంటే సెమీ క్రిస్మస్‌లు, అంటే పండుగకి ముందే చేసే వేడుకలు. ఆఫీసులో ఒకటి, అపార్ట్‌మెంట్‌లో ఒకటి, చర్చిలో యూత్ వాళ్ళది, స్త్రీల సమాజం వాళ్ళది, పిల్లల స్కూల్లో ఇంకోటి, చివర్లో ఫంక్షన్ హాల్లో లీడర్లు పెట్టేది. అన్నిచోట్లా అదే కేకు, అవే శాలువాలు, స్టేజీ మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న గొడవ. 25వ తేదీ వచ్చేసరికి గొంతులు పోయి, చేతిలో డబ్బులైపోయి, ఎప్పుడు అయిపోతుందా అన్నట్టుంటుంది.

సంతోషం లేదని అనను. బాల్కనీలో స్టార్ కట్టి స్విచ్ వేసిన క్షణం ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. పండుగ రోజు తెల్లవారుజామున చర్చి మైకులో పాత కీర్తన మొదలైతే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఆ రెండిటికీ మధ్యలో ఉన్న నెలంతా ఎవరిదో పండుగకి మేం పని చేస్తున్నట్టుంటుంది. మొన్న మా కమిటీలో క్యారల్ రౌండ్స్‌కి, అంటే పాటలు పాడుతూ వీధులు తిరగడానికి, డీజే బండి మాట్లాడదామన్నారు. పశువుల తొట్టిలో పుట్టిన బిడ్డ కోసం అంత శబ్దం ఎందుకని అడిగితే "పక్క చర్చి వాళ్ళు పెట్టారు కదా బ్రదర్" అన్నారు.

మీకూ ఇలాగే ఉంటోందా? మన వయసు పెరగడం వల్లా, లేక పండుగే మారిపోయిందా?

హాస్టల్_రోజులు:
నేను క్రిస్టియన్‌ని కాదు బ్రదర్, మిషన్ హాస్టల్లో చదువుకున్నాను. నాకు క్రిస్మస్ అంటే పెద్ద గంగాళంలో వండిన బిర్యానీ, వార్డెన్ అమ్మగారు మా అందరికీ ఒకే తాను గుడ్డలోంచి కుట్టించిన చొక్కాలు. అప్పుడు డీజే లేదు, కానీ డప్పులు మాత్రం గట్టిగానే కొట్టేవాళ్ళం. శబ్దం ఎప్పుడూ ఉంది కదా అని నా అనుమానం.

టీచరమ్మ_ఒంగోలు:
బాబూ, నీ బాధ అర్థమైంది. కానీ ఆర్భాటం అనగానే తప్పు అనేయడం నాకు కష్టం, ఎందుకో చెబుతాను.

మా నాన్న చిన్నప్పుడు మా ఊళ్ళో పెద్ద వీధిలోంచి మా వాళ్ళు చెప్పులు వేసుకుని నడవడానికి లేదు. క్రిస్మస్ పాటల జట్టు పెట్రోమాక్స్ లైట్లు పట్టుకుని పేటలోనే తిరిగేది, ఊరి మొదట్లో ఆగిపోయి వెనక్కొచ్చేది. నా చిన్నతనానికి ఆ జట్టు పెద్ద వీధి దాటింది. ఆ రాత్రి మా నాన్న పాట పాడలేదు, ఊరికే అందరికంటే ముందు నడిచాడు. నడుస్తూ అటూ ఇటూ ఇళ్ళ అరుగులు చూస్తున్నాడు. కొత్త చొక్కా, కాలర్ బొత్తం దాకా పెట్టుకున్నాడు. ఆ నడకలో ఏముందో నాకు పెళ్ళయ్యాక కానీ తెలియలేదు.

మా ప్రాంతం చరిత్ర మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలు మిషన్ నడిపిన అమెరికన్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో చచ్చిపోతున్న జనానికి కూలి ఇప్పించాడు. ఆ కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తీరాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. అందులో ఎక్కువమంది మాదిగలు. నదిలోంచి బయటికొచ్చి వాళ్ళు మళ్ళీ అదే పల్లెకి, అదే కూలికి వెళ్ళారు, కానీ వాళ్ళ మనవళ్ళకు బడి వచ్చింది. నేను టీచర్ని అయ్యానంటే ఆ బడి వల్లే.

అలాంటి వాళ్ళకు సంవత్సరానికి ఒక్కసారి వెలుతురులోకి వచ్చి గట్టిగా పాడే రోజు ఇది. కొత్త బట్టలు వచ్చేది కూడా ఆ ఒక్కసారే. నువ్వు స్టేజీలు, శాలువాలు చూసి విసిగిపోయావు, సరే. కానీ పాట గట్టిగా పాడొద్దని మాత్రం అనకు నాయనా.

చిలకలూరిపేట_అబ్బాయి:
అమ్మా, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. పాట వద్దనట్లేదమ్మా. డీజే బండిలో మన పాట ఎక్కడుంది? రికార్డు వేస్తారు, కుర్రాళ్ళు డాన్స్ చేస్తారు, ముసలివాళ్ళు తలుపులేసుకుంటారు. మీ నాన్నగారి జట్టు ఇంటింటి ముందూ ఆగి పాడేది, ఈ బండి ఎవరింటి ముందూ ఆగదు. నా గోలంతా అదే.

మెదక్_బిడ్డ:
మా దిక్కు సంగతి చెప్తా అన్నా. మెదక్ చర్చి గురించి అందరికీ తెల్సు, బ్రిటిష్ మిషనరీ పోస్నెట్ దొర కరువు కాలంలో జనానికి పని, తిండి రెండూ దొరకాలని కట్టించిండు, పదేండ్లు పట్టింది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. గోపురం 173 అడుగులు. లోపల రంగు అద్దాల కిటికీలు, పొద్దున ఎండ పడితే ఆ నీలం రంగు నేల మీద పరుచుకుంటది.

మా నానమ్మ వాళ్ళు పండుగకు ముందు రాత్రే ఎడ్లబండి మీద వచ్చేటోళ్ళట. చెట్ల కింద మూడు రాళ్ళ పొయ్యి పెట్టి వండుకుని, అక్కడే పండుకుని, తెల్లారగట్ల ఆరాధనకు లేచేటోళ్ళు. ఇప్పటికీ పల్లెల నుంచి వచ్చేటోళ్ళు అట్లనే వస్తరు, బండికి బదులు బస్సు. కానీ పొద్దెక్కినాక చూడాలె. హైదరాబాద్ నుంచి కార్లు, సెల్ఫీలు, రీల్స్, ఐస్‌క్రీం బండ్లు, రంగులరాట్నం. లోపలికి పోవడానికి పెద్ద లైన్. మా నానమ్మ చివరిసారి వచ్చినప్పుడు జనంలో లోపలికి పోలేక మెట్ల మీదనే కూర్చుని దండం పెట్టుకుని వచ్చింది. నాకు చానా కోపం వచ్చింది ఆ రోజు. ఆమెకేమో కోపం రాలే. "ఇంతమంది వచ్చిండ్రు, ఎంత మంచిగుంది" అన్నది.

ఇప్పుడు నేనెవరి పక్షమో నాకే తెలుస్తలేదు. అన్ని మతాలోళ్ళు మా గుడికి వస్తే గర్వంగనే ఉంటది, వచ్చినోళ్ళు అది గుడి అని మర్చిపోతేనే మండుతది.

గుణదల_భక్తురాలు:
మేం కథోలికులం. ఈ సెమీ క్రిస్మస్ గురించి ఒకటి చెప్పాలి. మాకు క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. పూజలో గురువులు ఊదారంగు వస్త్రాలు వేసుకుంటారు, వారానికో కొవ్వొత్తి చొప్పున వెలిగిస్తారు, మహిమ గీతం పాడరు. అది ఎదురుచూసే సమయం, పండుగ చేసుకునేది కాదు. పండుగ 24 రాత్రి మొదలై జనవరి మొదట్లో వచ్చే ముగ్గురు రాజుల పండుగ దాకా నడుస్తుంది. ఇప్పుడు అంతా తలకిందులైంది, డిసెంబరంతా పండుగ చేసేసి 26న స్టార్ దించేస్తున్నారు. అలసట రాక ఏమొస్తుంది చెప్పండి.

ఇంకోటి, పశువుల పాక. 1223లో ఇటలీలో గ్రేచో అనే చోట ఫ్రాన్సిస్ అస్సీసీ గారు నిజం ఎద్దుని, గాడిదని తెచ్చి గడ్డి పరిచి పూజ పెట్టించారు, అక్షరం రానివాళ్ళు కూడా కళ్ళారా చూడాలని. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, ఇప్పుడు పాకల పోటీ పెడతారు, థర్మోకోల్, లైటింగ్, జలపాతం, మోటారు పెట్టి తిరిగే ఒంటెలు. ఫస్ట్ ప్రైజు వచ్చిన పాకలో బాలయేసు ఎక్కడున్నాడో వెతుక్కోవలసి వచ్చింది. మా అమ్మ మాత్రం ఇంటి మూల వరిగడ్డి పరిచి, కొండపల్లి బొమ్మల్లోని ఆవుని పక్కన పెట్టి, 24 అర్ధరాత్రి దాకా తొట్టి ఖాళీగా ఉంచుతుంది. పూజ నుంచి వచ్చాకే బిడ్డని పెడుతుంది. పిల్లలు ఆ ఖాళీ తొట్టి వైపు రోజూ చూస్తుంటారు. నాకు ఇప్పటికీ క్రిస్మస్ అర్థమయ్యేది అక్కడే.

బైబిల్_చదువరి:
ఎవరినీ నొప్పించాలని కాదు. మాది బ్రదరన్ అనే క్రైస్తవ సంఘానికి చెందిన కుటుంబం, మేం క్రిస్మస్ చేయం. ప్రభువు ఏ తేదీన పుట్టారో సువార్తల్లో లేదు. డిసెంబర్ 25న చేసినట్టు రోమ్‌లో తొలి దాఖలా 336వ సంవత్సరానిది. 1659లో అమెరికాలో మసాచుసెట్స్‌లోని ప్యూరిటన్లు అనే కట్టుబాట్ల క్రైస్తవులు క్రిస్మస్ చేసుకుంటే జరిమానా అని చట్టం చేశారు, 1681 దాకా అది నడిచింది. కాబట్టి "ఇది లేకపోతే క్రైస్తవ్యమే లేదు" అన్నట్టు మాట్లాడొద్దని నా విన్నపం. మేము ప్రతి ఆదివారం ప్రభువు మరణాన్ని తలుచుకుంటూ రొట్టె విరుస్తాం, అదే మాకు జ్ఞాపకం.

ఇంత గట్టిగా చెప్పినవాణ్ణి, ఒక మాట కూడా చెప్పాలి. చిన్నప్పుడు మా పేటలో మా ఇల్లొక్కటే చీకటిగా ఉండేది. పాటల జట్టు మా గుమ్మం దాటి పక్కింటికి పోయేది, మా నాన్న చేయరని వాళ్ళకి తెలుసు కనుక. కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఇప్పుడు మా అమ్మాయి నిలబడుతోంది. నా నమ్మకం మారలేదు, మార్చుకోను కూడా, కానీ ఆ కిటికీ దగ్గర పిల్లకి ఏం చెప్పాలో తెలియడం లేదు.

టీచరమ్మ_ఒంగోలు:
చదువరి గారూ, పాటల జట్టు పండుగ చేసేవాళ్ళ ఇంటికే రావాలని ఎక్కడా లేదు. గుమ్మం ముందు పాడి వెళ్ళమని మీరే అడగండి. మీరు చేయకపోయినా మీ బిడ్డ వింటుంది.

బైబిల్_చదువరి:
అది ఆలోచించలేదు అమ్మా. ఇంట్లో మాట్లాడతాను.

కువైట్‌లో_కోనసీమ:
అందరికీ నమస్కారమండి. నేను ఇక్కడ ఇంటిపని చేస్తున్నాను. మీరందరూ ప్రోగ్రాములు ఎక్కువయ్యాయని అంటుంటే చదువుతున్నాను. మాకు ఒక్క ప్రోగ్రామే ఉంటే చాలనుకుంటామండి.

ఇక్కడ ఆరాధన శుక్రవారం, ఎందుకంటే సెలవు ఆ రోజే. సిటీలో ఒక కాంపౌండ్‌లో చర్చి ఉంది, ఒకే ఆవరణలో ఎన్నో భాషల వాళ్ళు గదులు పంచుకుని గంటల చొప్పున ఆరాధన చేసుకుంటారు. మన తెలుగువాళ్ళు చాలామంది వస్తారు, మా గోదావరి వాళ్ళు, కడప వాళ్ళు. కానీ 25వ తేదీ శుక్రవారం కాకపోతే మామూలు పనిరోజే. పోయిన క్రిస్మస్‌కి నేను వంటింట్లో నలుగురు చుట్టాలకి అన్నం వండుతూ ఉన్నాను, ఫోను పిండి డబ్బాకి ఆనించి పెట్టుకున్నాను. మా అబ్బాయి కొత్త ప్యాంటు చూపించాడు. నడుము దగ్గర వదులుగా ఉంది, వాళ్ళ అమ్మమ్మ లోపలికి మడిచి పిన్నీసు పెట్టింది. నేను పంపిన డబ్బుతోనే కొన్నారు, కొలత మాత్రం నాకు తెలియదు కదండి. సంతోషమే, ఏడుపూ వచ్చింది. మేడమ్ పిలిచింది, ఫోను పెట్టేశాను.

మీరు అడిగిన ప్రశ్నకి నాకు వచ్చిన జవాబు ఇదేనండి, పండుగ ఎవరి దగ్గర ఉంటే వాళ్ళకి బరువు, లేనివాళ్ళకి ఆశ. మా వాడి కొలతలు ఈసారి అడిగి రాసుకున్నాను.

చిలకలూరిపేట_అబ్బాయి:
అక్కా, ఏం రాయాలో తెలియడం లేదు. మీ కోసం, బాబు కోసం ప్రార్థన చేస్తాను.

డాలస్_అమ్మ:
నేను హిందువుని, ఇక్కడ రాయొచ్చో లేదో అనుకుంటూనే రాస్తున్నాను. థ్యాంక్స్‌గివింగ్ అవగానే ఇక్కడ వీధంతా లైట్లు. పిల్లల కోసం మేమూ ట్రీ పెడతాం. ఊళ్ళో ఉన్న అత్తగారికి వీడియో కాల్‌లో ట్రీ కనిపించకుండా ఫోను అటు తిప్పుతాను. ఆఫీసులో అందరూ "హ్యాపీ హాలిడేస్" అంటారు, సీక్రెట్ శాంటా అని పేర్ల చీటీలు తీసి ఒకరికొకరు కొనుక్కుంటారు, నచ్చకపోతే మర్నాడే రిటర్న్ కౌంటర్ల దగ్గర లైన్లు. యేసు పేరు మాత్రం ఎక్కడా వినిపించదు. మా బాబు "క్రిస్మస్ అంటే శాంటా బర్త్‌డే" అన్నాడు. నాకే సిగ్గేసింది. చిన్నప్పుడు గుంటూరులో మా పక్కింటి వాళ్ళు క్రిస్మస్‌కి అరిసెలు, కేకు తెచ్చి ఇచ్చేవాళ్ళు, మేము సంక్రాంతికి వాళ్ళకి పంపేవాళ్ళం. నాకు కథ వాళ్ళ దగ్గరే తెలిసింది.

నా ప్రశ్న ఏమిటంటే, ప్రభువు లేకుండా ట్రీ, లైట్లు మాత్రమే పెట్టుకునే మాలాంటి వాళ్ళని చూస్తే మీకు బాధగా ఉంటుందా? నిజం చెప్పండి.

గుణదల_భక్తురాలు:
నాకు బాధ లేదమ్మా. కానీ బాబుకి కథ చెప్పండి. నమ్మడం, నమ్మకపోవడం వాడి ఇష్టం. ఊరుగాని ఊళ్ళో సత్రంలో చోటు దొరక్క నిండు గర్భిణి పశువుల దగ్గర ప్రసవించిందనే సంగతి ఏ మతం పిల్లాడికైనా తెలియాలి. శాంటాకి కూడా అసలు మనిషి ఉన్నాడు, ఇప్పటి టర్కీలో మైరా అనే ఊరి బిషప్ నికోలాసు గారు, బీదవాళ్ళకు సాయం చేసిన మనిషిగా పేరు.

మెదక్_బిడ్డ:
నాకు కొంచెం బాధ ఉంటది అక్కా, అబద్ధం చెప్పను. షాపింగ్ మాల్‌లో ట్రీ పెట్టి అందరూ ఫొటోలు దిగుతరు, అదే మాల్‌లో పనిచేసే మా చెల్లె పండుగ నాడు సెలవు అడిగితే "సీజన్ కదా, ఇవ్వలేం" అన్నరు. మా తెలంగాణలో 25, 26 రెండు రోజులు సర్కారు సెలవులు, కానీ దుకాణాల్లో పనిచేసేటోళ్ళకు ఏ సెలవు? మీ ఇంట్ల ట్రీ పెట్టుకుంటే నాకేం బాధ లేదు. పండుగను అమ్ముకుంటూ పండుగ చేసుకునేటోళ్ళకు సెలవు ఇయ్యకపోతేనే కడుపు మండుతది.

నీలిరంగు:
ఎవరూ అనని మాట ఒకటి అంటాను, మోడరేటర్లు తీసేయొద్దు.

మా ఇంటి మీద స్టార్ ఉండదు. మా అమ్మ కట్టనివ్వదు. మేము ఆదివారం మందిరానికి వెళ్తాం, కుల సర్టిఫికెట్ మీద హిందూ అని ఉంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులకి లేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలని మన దగ్గర బీసీ-సీలో పెట్టారు, రిజర్వేషన్ ఒక్క శాతం. మతం మారితే హోదా పోతుందని కోర్టులు చెబుతున్నాయి, మారినంత మాత్రాన కులం పోయిందా అంటే మా ఊళ్ళో ఎవరినైనా అడగండి. శ్మశానం వేరే, టీ కొట్టు దగ్గర చూపు వేరే. కొన్ని చోట్ల చర్చిలో బెంచీలు కూడా వేరే, అది కూడా మనం ఒప్పుకోవాలి.

మా కాలేజీలో సెమీ క్రిస్మస్ పెట్టారు. నాకు ఆ పాటలన్నీ నోటికి వచ్చు, ఆల్టో, అంటే బృందగానంలో ఆడవాళ్ళ కింది స్వరం, అది కూడా పాడగలను. వెనక వరసలో నిలబడి పెదాలు కదపకుండా విన్నాను, ఎవరైనా వీడియో తీసి పెడితే రేపు ఎవడో ఫిర్యాదు చేస్తాడని టెన్షన్. అందరికీ సరదా అయిన పండుగ, అది నిజంగా ఎవరిదో వాళ్ళు మాత్రం దాక్కుని చేసుకోవాలి. చిలకలూరిపేట అన్నా, మీకు శబ్దం ఎక్కువైందని బాధ. నాకు గట్టిగా ఒక్క పాట పాడాలని ఉంది.

హాస్టల్_రోజులు:
నేను హిందువునే. మా ఇంటి మీద స్టార్ కట్టుకుంటే ఎవరూ ఏమీ అడగరు. మీ పోస్టు చదివాక ఆ తేడా మొదటిసారి గట్టిగా తగిలింది చెల్లీ.

టీచరమ్మ_ఒంగోలు:
తల్లీ, నా ఉద్యోగ కాలమంతా అదే భయం చూశాను. స్టాఫ్ రూమ్‌లో ఎవరి బ్యాగులో బైబిల్ ఉందో అందరికీ తెలుసు, ఎవరూ అనరు, అవసరమైనప్పుడు మాత్రం అంటారు. మీ అమ్మ చేసేది పిరికితనం కాదు, బిడ్డ చదువు కోసం కాపలా. పాట పోదు. మీ ఇంట్లో తలుపులేసుకుని అయినా అమ్మా నువ్వూ పాడండి.

తెనాలి_చెల్లి:
ఇంతమంది పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి నాదీ అడుగుతాను. మా నాన్న ఈ ఆగస్టులో చనిపోయారు. మా వైపు ఏడాది తిరిగేదాకా పండుగ చేయరు, క్రైస్తవులమైనా ఆ పట్టింపు మాకు ఉంది, మేనత్తలు గట్టిగా చెప్పారు. స్టార్ కట్టేది నాన్నే. ప్రతి ఏడూ వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి, మేడ మీద గెడకి కట్టేవారు. కొన్న స్టార్ ఒప్పుకునేవారు కాదు. మొన్న అటక మీద పాత వెదురు చట్రం కనిపించింది, కాగితం చిరిగిపోయింది, బద్దలు గట్టిగానే ఉన్నాయి. కట్టాలనిపిస్తోంది. కడితే నాన్న పోయినా పండుగ చేసుకున్నారని ఊరు అంటుందేమోనని అమ్మ భయం. మీరైతే ఏం చేస్తారు?

గుణదల_భక్తురాలు:
కట్టమ్మా. పిండివంటలు చేయకండి, కొత్త బట్టలు కట్టుకోకండి, అత్తల మాటా నిలుస్తుంది. స్టార్ మాత్రం కట్టండి. పొద్దున్నే సమాధి దగ్గరికి వెళ్ళి కొవ్వొత్తి పెట్టి రండి.

బైబిల్_చదువరి:
పండుగ చేయని వాణ్ణి చెబుతున్నాను, మీరు కట్టండి సిస్టర్. ఏడాది మైల అనేది బైబిల్లో లేదు.

కువైట్‌లో_కోనసీమ:
కట్టి ఫొటో ఇక్కడ పెట్టండి అమ్మా. వెదురు స్టార్ చూసి చాలా కాలమైంది.

పాస్టర్_గారి_అబ్బాయి:
అంతా చదివాను. రాయాలా వద్దా అని ఆగాను, ఎందుకంటే మా నాన్న పల్లెటూరి పాస్టర్, నేను క్రిస్మస్ గురించి రాస్తే ఫిర్యాదులా ఉంటుంది.

మాకు చిన్నప్పుడు 25వ తేదీన నాన్న ఇంట్లో ఉండేవారు కాదు. తెల్లవారుజామున ఒక ఊళ్ళో ఆరాధన, పొద్దెక్కాక ఇంకో ఊళ్ళో, సాయంత్రం మూడో ఊళ్ళో. మోపెడ్ వెనక మైకు పెట్టె తాళ్ళతో కట్టుకుని వెళ్ళేవారు. అమ్మ ప్రేమ విందుకి అన్నం వార్చేది, పేటంతా తినేది, మేము చివర్లో. ఎవరింటికి వెళ్ళినా అయ్యగారి పిల్లలని ముద్దు చేసేవాళ్ళు, అది బాగుండేది. రాత్రి నాన్న వచ్చి కానుకల సంచి మంచం మీద బోర్లిస్తే, చిల్లర లెక్కపెట్టడం మా పని. ఎక్కువగా రెండు రూపాయల బిళ్ళలు. కొందరు అమ్మలు రోజూ అన్నం వండేటప్పుడు పిడికెడు బియ్యం దేవుడి పేరున పక్కన పెట్టేవాళ్ళు, ఆ మూటలు కూడా ఆ వారమే వచ్చేవి. కోతల రోజులు కదా, కూలి డబ్బు జనం చేతిలో ఆడేది, అందుకే డిసెంబర్ మాకు నిండుగా ఉండేది.

ఇప్పుడు ఆ ఊళ్ళలో కుర్రాళ్ళు సిటీకి పోయారు. వరి కోత మిషన్లు వచ్చాక కూలి తగ్గింది. పండుగకు ఊరొచ్చినవాళ్ళు టౌన్లో పెద్ద మీటింగ్‌కి వెళ్తున్నారు, అక్కడ స్క్రీన్లు, బ్యాండు, పేరున్న ప్రసంగీకులు. వెళ్ళడం తప్పని అనను, నాకూ ఆ పాటలు ఇష్టం. కానీ మా నాన్న పాత హార్మోనియం దగ్గర పదిహేను, ఇరవై మంది ముసలివాళ్ళకి ప్రసంగం చేస్తారు, అంతే శ్రద్ధగా, వారం ముందు నుంచి నోట్సు రాసుకుని. చిలకలూరిపేట బ్రదర్, నాకు కోపం వచ్చేది డీజే మీద కాదు. డీజేకి వసూలు చేసిన చందా ఎంతో మీ కమిటీ వాళ్ళని అడగండి, మీ సొంతూరి అయ్యగారి నెల జీతం ఎంతో కూడా అడగండి.

నాన్నని ఒకసారి అడిగాను, నీకు విసుగు రాదా అని. "పుట్టినప్పుడు చూడ్డానికి వచ్చింది గొర్రెల కాపరులే కదరా, నా సంఘం పెద్దదే" అన్నారు. ఆయన దగ్గర నాకు నచ్చనివి చాలా ఉన్నాయి, అప్పులు చేసి మందిరానికి రేకులు వేయించడం ఒకటి. ఆ మాట మాత్రం ఎప్పుడూ తీసేయలేకపోయాను.

చిలకలూరిపేట_అబ్బాయి:
నిన్న రాత్రి కమిటీ వాళ్ళకి ఫోన్ చేశాను. డీజే మానేయడానికి యూత్ ఒప్పుకోలేదు, అడ్వాన్స్ ఇచ్చేశారట. ఒక రాత్రి మాత్రం బండి లేకుండా, గిటారు, డప్పులతో ఇంటింటికీ వెళ్దామని ఒప్పించాను, ముసలివాళ్ళ ఇళ్ళు ముందు. చదువరి గారూ, మీరు హైదరాబాద్‌లోనే ఉంటే అడ్రస్ మెసేజ్ చేయండి, మీ గుమ్మం ముందు పాడతాం. నీలిరంగు చెల్లీ, పాడాలనుంటే నువ్వూ రా, మాకు ఆల్టో లేదు, వీడియోలు తీయనివ్వం.

నేను 24 రాత్రికి ఊరు వెళ్తున్నాను. పాస్టర్ గారి అబ్బాయి బ్రదర్, మా ఊరి అయ్యగారికి కూడా మీ నాన్నగారి పరిస్థితే అనుకుంటాను. ఏదైనా ఇవ్వాలని ఉంది. పండుగ నాడు కవర్లో పెట్టి ఇస్తే చిన్నతనంగా అనుకుంటారా?

నీలిరంగు:
అన్నా, అమ్మని అడిగి చెబుతాను.

పాస్టర్_గారి_అబ్బాయి:
అనుకోరు బ్రదర్. కానీ పండుగ నాడు ఇవ్వకండి. ఆ వారం అంతా అందరూ ఎంతో కొంత ఇస్తారు, బియ్యం ఉంటాయి, పిండివంటలు ఉంటాయి. ఫిబ్రవరి, మార్చిలో ఇవ్వండి, అప్పుడు ఎవరూ రారు, పిల్లల స్కూలు ఫీజులు కట్టేది కూడా అప్పుడే. పండుగ నాడు మాత్రం టౌన్ మీటింగ్‌కి వెళ్ళకుండా మీ ఊరి మందిరంలో కూర్చోండి, పిల్లలని కూడా తీసుకెళ్ళండి.